చచ్చిన పిల్లుల పెద్దకోడలు

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్ద పుస్తకాలు రాసేది చిన్నకోడలు, చిన్న పుస్తకాలు రాసేది పెద్దకోడలు. ఇదేం తిరకాసని తల గోక్కోకండి, ఆ ఇంట్లో అన్నీ అలాగే ఉంటాయి. మేడ మీద గాలీ వెలుతురూ వచ్చే గది చిన్నకోడలిది. కింద వంటింటి పక్కన, బట్టలుతికే మిషనుకి ఆనించి వేసిన బల్ల పెద్దకోడలిది. మిషను తిరుగుతున్నంతసేపూ బల్ల వణుకుతుంది. ఆ వణుకులోనే ఆవిడ ఐదు పుస్తకాలు రాసింది. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు.

పెద్దకోడలు ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ఆ పనికి ఎంత పేరుంటుందో తెలుసుగా? బాగా చేస్తే ఎవరికీ తెలియదు, తప్పు పోతే మాత్రం ఊరంతా తెలుస్తుంది. కళ్లద్దాలు వచ్చాయి, నడుం పట్టేసింది, చివరికి ఆ అచ్చాఫీసే మూతపడింది. ఆవిడ ఇంటిపట్టున ఉండి కూరగాయలు తరుగుతున్న రోజుల్లోనే మరిదికి పెళ్లయింది. చిన్నకోడలు కాపురానికి వచ్చిన రెండో ఏడే పిల్లల కోసం ఒక పుస్తకం రాసింది. దాని పేరు 'ముళ్లకోన'.

అడవిపిల్లుల కథ అది. ముళ్లకోనలో ఉండే ప్రతి పిల్లికీ పుట్టుకతో ఒక వరం ఉంటుంది. జన్మకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గాలితోనో ఏటితోనో చెట్టుతోనో మాట్లాడొచ్చు. మాట్లాడితే అవి వింటాయి. ఆ మాట ఎప్పుడు వాడుకోవాలన్నదే ప్రతి పిల్లికీ బెంగ. కొన్ని తొందరపడి చిన్నప్పుడే ఖర్చు పెట్టేస్తాయి, కొన్ని దాచుకుని దాచుకుని వాడకుండానే పోతాయి. ఆలోచన బాగుంది, కాదనడానికి వీల్లేదు. పిల్లలు ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. చిన్నకోడలి ఫొటో బడుల గోడలకెక్కింది.

రెండో పుస్తకం వచ్చినప్పుడే పిల్లల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఫలానా పిల్లి చచ్చిపోయింది కదా, అది చిన్నప్పుడు ఎలా ఉండేది? దాని మాట అది ఎవరితో మాట్లాడింది? ఇదీ వాళ్ల గోల. పబ్లిషరు గారు మహా చురుకైన మనిషి. గాలి ఎటు వీస్తే అటు తూర్పారబట్టే రకం. పెద్ద పుస్తకానికీ పెద్ద పుస్తకానికీ మధ్య తోడుగా చిన్న పుస్తకాలు వేద్దామన్నాడు. చిన్నకోడలికి ఊపిరి తీసుకునే తీరికే లేదు.

"మా అక్కయ్య ఉన్నారు కదండీ. భాషలో తప్పు పోనివ్వరు. ఇంట్లో ఖాళీగానే ఉన్నారు" అంది చిన్నకోడలు.

ఇద్దరు మగవాళ్లకీ అత్తగారికీ వేళకి అన్నీ అమర్చి, మేడ మీదికి కాఫీ మోసుకెళ్లే మనిషి ఖాళీగా ఉందట! సరే, ఆ మాట అప్పుడు ఆవిడకి తగల్లేదు. రాయమన్నారన్న సంతోషంలో తగిలే చోటు మొద్దుబారింది.

అయితే ఒక కట్టుబాటు పెట్టారు. చిన్న పుస్తకాలు చచ్చిన పిల్లుల మీదే రాయాలి. బతికున్న వాటి జోలికి పోకూడదు. ఎందుకంటే బతికున్న పిల్లి రేపు పెద్ద పుస్తకంలో ఏం చేస్తుందో చిన్నకోడలికే తెలియదు. చచ్చినదైతే కదలదు, మెదలదు, కథకి అడ్డం తిరిగేదీ ఉండదు. అలా ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. మేడ మీద ఒక పిల్లి ప్రాణం పోగానే చిన్నకోడలు మెట్లు దిగి వచ్చి, గుమ్మానికి ఆనుకుని కబురు చెప్పేది.

"అక్కయ్యా, ఇవాళ ఒకటి పోయింది. మీదే ఇక."

"ఎలా పోయిందమ్మాయ్?"

"అంత వివరంగా రాయలేదు, ఒక లైనులో లేపేశాను. మిగతాది మీరు చూసుకోండి."

అత్తగారు ముందుగదిలో మంచం మీద కూర్చుని ఇదంతా వినేది. కళ్లు మసకే గాని నాలుక పదునే. "బాగుందే మీ వ్యాపారం. ఒకత్తి చంపుతుంది, ఇంకొకత్తి కూర్చుని ఏడుస్తుంది" అనేది. ఇద్దరు కోడళ్లూ నవ్వేవారు. అప్పట్లో నవ్వు వచ్చేది మరి.

నిజం చెప్పాలంటే పెద్దకోడలికి ఆ పని చెప్పలేనంత ఇష్టం. ఒక్క లైనులో పోయిన పిల్లిని తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టుకునేది. దానికి తల్లిని వెతికేది, చెవి ఎక్కడ చిరిగిందో కనిపెట్టేది. దాని ఒక్క మాటా అది ఎవరికోసం దాచుకుందో ఆలోచిస్తూ కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. ఆవిడ భర్త ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. ఉప్పెక్కువైనా అనడు, తక్కువైనా అనడు. పుస్తకం మీద పేరు సంగతి ఎప్పుడైనా ఎత్తితే, "ఎవరి పేరుంటే ఏమోయ్, ఇల్లొకటే కదా" అని పేపరు తిప్పేవాడు. ఇల్లొకటే గాని పేరు ఒకటి కాదని అతనికి ఎవరు చెబుతారు?

ఐదో చిన్న పుస్తకం బూడిదమ్మది. ముసలి బూడిదరంగు పిల్లి, కోనలో తల్లిలేని కూనలన్నింటినీ పెంచిన దాది. నాలుగో పెద్ద పుస్తకంలో వరద వస్తుంది. దాని గురించి చిన్నకోడలు రాసింది ఇంతే: 'ఆ వరదలో వెళ్లిన బూడిదమ్మ తిరిగి రాలేదు.' ఆ రోజు కూడా మామూలుగానే మెట్లు దిగి వచ్చి, "ముసలిది పోయింది అక్కయ్యా" అనే చెప్పింది.

ఆ ఏడే పెద్దకోడలి తల్లి పోయింది. ఆస్పత్రి మంచం పక్కన కుర్చీలో ఈవిడ ఒక్కతే ఉంది. ఉన్నది ఒకటే దుప్పటి. తల్లి ఒళ్లు మంచులా ఉంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. అయినా ఆ తల్లి, "నాకు చలిగా లేదే, నువ్వు కప్పుకో" అంది. అదే ఆఖరి మాట. పెద్దకోడలు ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరు వింటారు? బూడిదమ్మకి ఇచ్చేసింది. పుస్తకం చివర బూడిదమ్మ జన్మంతా దాచుకున్న ఒక్క మాటా ఏటితో మాట్లాడుతుంది, కూనలు దాటేదాకా ఆగు తల్లీ అని. ఏరు ఆగుతుంది. ఆఖరి కూన బూడిదమ్మని వదిలి వెళ్లనని మొరాయిస్తే, నీళ్లలో మెడదాకా మునిగి ఉండి, "నాకు చలిగా లేదు, నువ్వు పో" అంటుంది. కూన దాటుతుంది. ఏరు కదులుతుంది.

ఆ పేజీ రాసినరోజు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్తగారు అవతలి గదిలోంచి, "ఏ పిల్లి పోయిందే ఇవాళ?" అని అడిగింది. ముసలావిడ మళ్లీ అడగలేదు.

ఆ పుస్తకం పెద్ద పుస్తకాల్ని మించిపోయింది. ఇది నేనంటున్న మాట కాదు, పబ్లిషరు గారే మేడ మీద హాల్లో కూర్చుని అన్నాడు. చిన్నకోడలు కాఫీ కప్పులోకి చూస్తూ, "అవునండీ, అది బాగా కుదిరింది" అంది. కుదిరిందట, కూర కుదిరినట్టు! ట్రే పట్టుకుని నిలబడ్డ పెద్దకోడలు అప్పుడు నోరు తెరిచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు.

"తర్వాతి దాని మీద నా పేరు కూడా వేస్తారా అండీ? కిందే, చిన్న అక్షరాల్లోనే."

పబ్లిషరు గారు చిన్నకోడలి వైపు చూశాడు. చిన్నకోడలు గోడ వైపు చూసింది. "దానికేముందమ్మా, అలాగే వేద్దాం" అన్నాడాయన. పెద్దకోడలు ఆ మాట పట్టుకుని కిందికి ఎలా దిగిందో మెట్లకే తెలియాలి. తన అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పింది. పాత అచ్చాఫీసు స్నేహితురాలికి చెప్పింది. "అట్ట మీదేనే, అట్ట మీదే" అని రెండుసార్లు చెప్పింది.

అసలు పితలాటకం అక్కడ మొదలైంది. అప్పటిదాకా ప్రతి పెద్ద పుస్తకమూ అచ్చుకి వెళ్లేముందు పెద్దకోడలి బల్ల మీదికి వచ్చేది. పాత పుస్తకాలతో పొంతన కుదురుతోందా, మూడో పుస్తకంలో నల్లగా ఉన్న తోక ఆరోదానిలో తెల్లబడిందా, ఇవన్నీ ఆవిడే చూసేది. పేరడిగిన తర్వాత వచ్చిన ఏడో పుస్తకం కిందికి దిగలేదు. మేడ మీది నుంచి తిన్నగా అచ్చుకి పోయింది. "ఈసారి టైము లేదక్కయ్యా" అంది చిన్నకోడలు. టైము లేకేం, బోలెడుంది. లేనిది మనసు.

పుస్తకం అచ్చయి వచ్చింది. పెద్దకోడలు బెండకాయలు తరుగుతూ పక్కన తెరిచి పెట్టుకుని చదువుతోంది. సగంలో ఉండగా కత్తి ఆగిపోయింది. కోనలో పిల్లులన్నీ సభ తీరాయి. రాతి మీద కూర్చుని వాటికి బుద్ధులు చెబుతోంది ఎవరనుకున్నారు? బూడిదమ్మ. నిక్షేపంలా ఉంది. మీసాలు దువ్వుకుంటోంది.

చేతులు కడుక్కోకుండానే మేడ మెట్లెక్కింది.

"అమ్మాయ్, బూడిదమ్మ చచ్చిపోయింది కదా."

చిన్నకోడలు ముందు నవ్వింది. తర్వాత ముఖంలో రంగు పోయింది. "చచ్చిపోయిందా? ఎప్పుడు?"

"నాలుగో పుస్తకంలో నువ్వే కదమ్మా చంపింది. నువ్వే వచ్చి చెప్పావు."

చిన్నకోడలు అలమరలోంచి నాలుగో పుస్తకం లాగి, గబగబా పేజీలు తిప్పి, ఆ లైను మీద వేలు పెట్టింది. ఆ తర్వాత అన్న మాట వినండి.

"తిరిగి రాలేదన్నానక్కయ్యా. చచ్చిపోయిందని ఎక్కడన్నాను?"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఇది కళ్లు తెరుచుకునే తాగింది. పెద్దకోడలు బెండకాయ జిగురు అంటిన చేతుల్ని చీరకి తుడుచుకుంటూ నిలబడింది.

వారం తిరక్కుండా పిల్లలు పట్టేశారు. పిల్లలు ఊరుకుంటారా? చచ్చిన బూడిదమ్మ సభలో ఎలా కూర్చుందని బడుల నుంచి కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. పబ్లిషరు గారు పరుగున వచ్చాడు. మేడ మీద హాల్లో అందరూ కూర్చున్నారు, అత్తగారిని కూడా చెయ్యి పట్టి ఎక్కించారు.

"పెద్ద పుస్తకం మార్చడం కుదరని పని. అందులో ముసలిది లేకపోతే కథే నడవదు. చిన్న పుస్తకం మార్చేద్దాం. చివర్లో పిల్లి బతికి బయటపడినట్టు నాలుగు పేజీలు తిప్పి రాస్తే గొడవ వదులుతుంది" అన్నాడాయన.

"నేను రాయను" అంది పెద్దకోడలు.

మరిది గొంతు సవరించుకుని, "వదినా, అది పిల్లి. బొమ్మల పుస్తకంలో పిల్లి" అన్నాడు. భర్త, "ఎందుకొచ్చిన గొడవ, రాసి పారెయ్యరాదూ" అన్నాడు. చిన్నకోడలు కళ్లనీళ్లు పెట్టుకుని, "నా పరువు మీ చేతుల్లో ఉందక్కయ్యా" అంది.

"చచ్చినదాన్ని బతికిస్తే, దానికోసం ఏడ్చినవాళ్లు ఏమైపోవాలర్రా?" అంది అత్తగారు. ఆవిడ మాట ఎవరు లెక్కచేశారు? కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు.

అప్పుడు పబ్లిషరు గారు అసలు గాలం వేశాడు. "అమ్మా, తర్వాతి పుస్తకం దాకా ఎందుకు? మీరు ఇది మార్చి ఇవ్వండి. ఈ కొత్త అచ్చు నుంచే అట్ట మీద మీ పేరు వేస్తాను. ఇది నా మాట."

పెద్దకోడలు తల దించుకుంది. ఇక్కడ ఆవిడని వెనకేసుకు రావాలని నాకూ ఉంది గాని, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఒప్పుకుంది. తల్లి ఆఖరి మాటని తన చేత్తో తనే కొట్టేసింది. కొత్త ముగింపులో బూడిదమ్మకి ఒక దుంగ దొరుకుతుంది. దాన్ని పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొస్తుంది, ఒళ్లు దులుపుకుంటుంది, "అబ్బ, ఎంత చలి!" అంటుంది. అది రాసేటప్పుడు ఆవిడకి ఏడుపు రాలేదు. కాగితాలు మేడ మీదికి పంపేసి, ఆ పూట అన్నం మానేసి పడుకుంది.

కొత్త అచ్చు కట్ట వచ్చినరోజు కట్ట విప్పింది ఆవిడే. అట్ట చూసింది. వెనక అట్ట చూసింది. లోపలి పేజీ చూసింది. అన్నిచోట్లా చిన్నకోడలి పేరే. ఆఖరి పేజీలో, ఒక గీత కింద, చిన్న అక్షరాల్లో ఉంది: 'ప్రియమైన పిల్లలకు మనవి. ఈ పుస్తకం రాయడంలో నాకు సాయపడిన మా తోడికోడలు' అని, ఆ తర్వాత ఆవిడ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. 'తొలి అచ్చులో పొరపాటున బూడిదమ్మ చనిపోయినట్టు రాశారు. బూడిదమ్మ క్షేమంగా ఉంది. జరిగిన తప్పుకు చింతిస్తున్నాం.'

ఆవిడ దాన్ని ఎన్నిసార్లు చదివిందో. అక్షరదోషం ఒక్కటీ లేదు. పేరు చక్కగా పడింది.

ఫోన్ చేస్తే పబ్లిషరు గారు మెత్తగా మాట్లాడాడు. "అట్ట మీద ఉన్నట్టుండి రెండో పేరు కనిపిస్తే పిల్లలు తికమకపడతారమ్మా. లోపల వేశాం కదా, చూశారా?"

"చూశాను."

"మరింకేం. పేరొచ్చింది కదా" అని పెట్టేశాడు.

భర్తకి చూపిస్తే అద్దాలు పైకెత్తి చదివి, "పోనీలే, మర్యాదగానే రాశారు" అన్నాడు. మేడ మీదికి వెళ్లి చిన్నకోడలి ముందు పేజీ తెరిచి పెడితే, "అది వాళ్ల ఆఫీసులో రాసుకున్నారక్కయ్యా, నేను చూడనేలేదు" అంది. చూడలేదట! 'మా తోడికోడలు' అని ఆఫీసు గుమాస్తా రాస్తాడా? పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటలు వంద. ఒక్కటీ అనలేదు. అని ఎక్కడికి పోతుంది? రేపు పొద్దున మళ్లీ అదే కాఫీ, అవే మెట్లు. ఆ ఆదివారం గ్రంథాలయంలో పిల్లల సభ ఉందనీ, ఆవిడ కూడా రావాలనీ చిన్నకోడలే అడిగింది. "మిమ్మల్ని కూడా చూడాలంటున్నారు పిల్లలు" అంది. ఛీ, రాను అనాల్సిన చోట ఆవిడ ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించింది. ఆశ అంత పాడుది.

హాలు నిండా పిల్లలే. వేదిక మీద పొడుగాటి బల్ల, ఒక కొసన చిన్నకోడలు, మధ్యలో పబ్లిషరు గారు, రెండో కొసన పెద్దకోడలు. వరసంతా చిన్నకోడలి ముందే. తలుపు దాకా ఉంది. పెద్దకోడలి ముందు నీళ్ల సీసా ఒకటి, కలం ఒకటి.

చాలాసేపటికి ఒక పాప అటు సంతకం పెట్టించుకుని, ఇటు నడిచి వచ్చింది. పదేళ్లుంటాయేమో. రెండు జడలు, ఒక జడ ఊడిపోతోంది.

"మీరేనా ఆవిడ?"

"ఎవరమ్మా?"

"బూడిదమ్మని పొరపాటున చంపేసినావిడ."

పాప పుస్తకం బల్ల మీద పెట్టి ఆఖరి పేజీ తెరిచింది. "ఇక్కడ పెట్టండి సంతకం. మీ పేరు ఇంకెక్కడా లేదు, ఇక్కడే ఉంది." ఆవిడ కలం మూత తీస్తుంటే పాప ఊరుకోకుండా చెప్పుకుపోయింది. "మా ఇంట్లో పాత పుస్తకం కూడా ఉంది. మా అమ్మమ్మ చచ్చిపోయినప్పుడు నేనూ అమ్మా అది చదువుకుని ఏడ్చాం, ఆ చలిగా లేదు అంటుంది చూడండి, అక్కడ. అమ్మయితే ఎంత ఏడ్చిందో. మళ్లీ చూస్తే అది పొరపాటంట. అంటే మేం ఊరికే ఏడ్చాం కదా?"

పెద్దకోడలు కలం కింద పెట్టేసింది. "ఊరికే కాదు తల్లీ. అది చచ్చిపోయింది. నిజంగా చచ్చిపోయింది. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను."

పాప ఆవిడ ముఖంలోకి చూసింది, తర్వాత పేజీలోకి చూసింది. ఆవిడ పేరు మీద వేలు పెట్టి, కింది లైను మెల్లగా కూడబలుక్కుని చదివింది. అచ్చులో ఉన్నదాన్ని కాదని మనిషి చెప్పింది నమ్మడానికి ఆ పిల్లకి కారణమేముంది? బల్ల అవతలి కొసకి తిరిగి గట్టిగా అరిచింది.

"ఆంటీ! ఈవిడ బూడిదమ్మ చచ్చిపోయిందంటున్నారు!"

వరసలో పిల్లలందరూ తిరిగి చూశారు. చిన్నకోడలు రాస్తున్న చెయ్యి ఆపి, ఎంతో ముద్దుగా నవ్వింది. "మా అక్కయ్యకి ఆ పిల్లంటే ప్రాణం బంగారం. అందుకే ఎప్పుడూ చచ్చిపోయిందేమోనని భయపడుతుంటారు. అది బతికే ఉంది. ఎనిమిదో పుస్తకంలో కూడా వస్తుంది, చూద్దువుగాని."

పిల్లలు చప్పట్లు కొట్టారు. హాలంతా నవ్వింది, పబ్లిషరు గారూ నవ్వాడు. పాప కూడా నవ్వేసి, హమ్మయ్య అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది. పుస్తకాన్ని ఇంకాస్త ముందుకి తోసింది.

"పెట్టండి మరి."

పెద్దకోడలు కలం తీసుకుంది. 'జరిగిన తప్పుకు చింతిస్తున్నాం' అన్న మాట కింద తన పూర్తి పేరు రాసింది. ఒక పుస్తకం మీద ఆవిడ సంతకం పెట్టడం అదే మొదటిసారి. పాప దాన్ని పైకెత్తి పట్టుకుని స్నేహితులకి చూపించింది. చూసినవాళ్లందరికీ అది కూడా కావాలనిపించింది. ఒకళ్ల వెనక ఒకళ్లు ఆఖరి పేజీ తెరుచుకుని ఆవిడ ముందు వరసకట్టారు. ఆవిడ అందరికీ పెట్టింది.